ఉత్తమ నర్సింగ్ లీడర్‌గా ఎవరి పేరు రాయాలి? ఇద్దరి మధ్య తేలట్లేదు

వార్డు_నాలుగు
మే 12 నర్సుల దినోత్సవానికి మా ఆసుపత్రిలో "ఉత్తమ నర్సింగ్ లీడర్" అవార్డు పెట్టారు. పేర్లు స్టాఫ్ నర్సులమే పంపాలి. ఫారంలో "నాయకత్వ లక్షణాలు" అని రాసి కింద పేజీ మొత్తం ఖాళీ వదిలారు. ఏం రాయాలో తోచట్లేదు.

మాకు ఇద్దరు ఇన్‌చార్జులు. మొదటావిడ బంగారం. ఎవరికైనా కాన్యులా (నరంలో పెట్టే సన్నటి గొట్టం) పడకపోతే తనే వచ్చి వేస్తుంది. స్టాఫ్ తక్కువైతే తనే నాలుగు బెడ్లు తీసుకుంటుంది. ఎవరైనా ఏడిస్తే పని ఆపి పక్కన కూర్చుంటుంది. రెండో ఆవిడ బెడ్ దగ్గర పెద్దగా కనిపించదు. ఎప్పుడు చూసినా రోస్టరు (డ్యూటీల పట్టిక), ఇండెంట్లు (స్టోర్ నుంచి సామాను అడిగే కాగితాలు), మీటింగులు. నవ్వు కూడా లెక్కపెట్టి ఇస్తుంది. కానీ ఆవిడ వార్డులో నైట్ డ్యూటీ పడితే ఎందుకో టెన్షన్ ఉండదు. మా ఫ్రెండ్స్ అంతా మొదటావిడకే రాస్తున్నారు. నా చెయ్యి మాత్రం ఆగిపోతోంది.

ఐసీయూ_బ్రదర్
ఇందులో ఆలోచించడానికి ఏముంది? పక్కన నిలబడి పని చేసేవాళ్లే లీడర్. ఫైళ్లు మోసేవాళ్లు గుమాస్తాలు.

రాత్రిపక్షి
"నవ్వు కూడా లెక్కపెట్టి ఇస్తుంది" హహ. మా ఇన్‌చార్జి దగ్గర ఆ స్టాక్ కూడా లేదు, ఎప్పుడడిగినా ఇండెంట్ పెట్టాం రాలేదంటుంది.

కొత్తస్టాఫ్
నేనైతే మొదటావిడకే. చేరిన కొత్తలో మనకి కావలసింది అలాంటి మనిషే కదా.

మాజీ_సూపరింటెండెంట్
ఐసీయూ బ్రదర్, అంత తొందరగా తీర్పు చెప్పకండి. స్టాఫ్ నర్సుగా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను కాబట్టి రెండు వైపులా చూశాను.

మొదటావిడ మంచి నర్సు, అందులో సందేహం లేదు. కానీ ఆవిడ నాలుగు బెడ్లు తీసుకున్న పూట ఆ వార్డుని ఎవరు చూస్తున్నారు? ఓటీ (ఆపరేషన్ థియేటర్) నుంచి కేసు ఎప్పుడొస్తుంది, కొత్త అడ్మిషన్‌ని ఎక్కడ వేయాలి, ఏ పేషెంటు ఎవరికీ తెలియకుండా మెల్లగా పాడవుతున్నాడు, నిన్న చేరిన అమ్మాయి చేతిలో కష్టమైన కేసు ఎందుకుంది? ఇవి చూసే మనిషి ఆ పూట లేదు. ఎప్పుడో ఒకసారి పర్వాలేదు. రోజూ అదే అయితే పైవాళ్లకి అర్థమయ్యేది ఒకటే: ఈ వార్డుకి మనుషుల్ని ఇవ్వక్కర్లేదు, ఆవిడే సర్దుకుంటుంది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే అందరికీ దీపమే గుర్తొస్తుంది. క్రిమియా యుద్ధంలో గాయాల కన్నా జబ్బులతోనే ఎక్కువమంది సైనికులు పోయారని లెక్కలు తీసి, 1858లో రంగుల పటాలు గీసి మరీ చూపించింది ఆవిడే. బాధ్యత తీసుకోవడమంటే తాను చేయడం ఒక్కటే కాదు, తాను లేనప్పుడు కూడా ఆ పని జరిగేలా ఏర్పాటు చేయడమని గట్టిగా వాదించింది కూడా ఆవిడే. బ్రదర్ లెక్కన నైటింగేల్ కూడా గుమాస్తానే.

ఐసీయూ_బ్రదర్
నైటింగేల్‌ని తెచ్చి నా నోరు మూయించారు మేడం. అయినా ఒక మాట చెప్పనివ్వండి.

బెడ్ దగ్గరికి రావడం పూర్తిగా మానేసిన మనుషుల వల్ల ఏమవుతుందో నేను చూశాను. ఇంతకుముందు పనిచేసిన చోట ఐసీయూకి కొత్త చార్ట్ పెట్టారు. గంట గంటకీ నింపాలి. తయారు చేసిన ఆవిడ ఒక్క షిఫ్టు కూడా దాన్ని నింపి చూసుకోలేదు. వెంటిలేటర్ సెట్టింగులు మూడు చోట్ల రాయాలి, ఒకటే సంగతి. అది రాసే టైంలో పేషెంటుని ఒకసారి తిప్పి పడుకోబెట్టొచ్చు. చివరికి ఏమైందంటే అందరూ షిఫ్టు చివర కూర్చుని మొత్తం గంటలు ఒకేసారి నింపేసేవారు. కాగితం మీద ఐసీయూ అద్భుతంగా ఉండేది. చేతులకి పని మర్చిపోయినవాళ్లు లీడర్లయితే ఇలాంటివే వస్తాయి.

మాజీ_సూపరింటెండెంట్
ఇది ఒప్పుకుంటాను. నేను చెప్పింది బెడ్ దగ్గరికి రావద్దని కాదు, ఖాళీలు పూడ్చడానికి రావద్దని. చూడటానికి రావాలి, నేర్పడానికి రావాలి.

ట్యూటర్_మేడం
పైవాళ్లు మనుషుల్ని ఇవ్వని సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నా. 2002లో లిండా ఏకెన్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో సర్జరీ పేషెంట్ల మీద చేసిన అధ్యయనం నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. ఒక్కో నర్సు మీద ఒక్కో పేషెంటు అదనంగా పెరిగిన కొద్దీ, 30 రోజుల లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. కాలిఫోర్నియాలో ఎంతమంది పేషెంట్లకి ఎంతమంది నర్సులన్నది 1999లోనే చట్టంలోకి తెచ్చి 2004 నుంచి అమలు చేశారు. అక్కడ ఐసీయూలో ఒక నర్సుకి ఇద్దరు పేషెంట్లకి మించకూడదు.

అందుకే నా దృష్టిలో లీడర్ మొదటి పని మనుషుల్ని తేవడం. "స్టాఫ్ చాలట్లేదు సార్" అని మీటింగులో నిట్టూర్చడం వేరు. ఏ షిఫ్టులో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు, ఆ పూట ఎన్ని మందులు లేటయ్యాయి, ఎవరు జారిపడ్డారు, అని మూడు నెలల లెక్క టేబుల్ మీద పెట్టడం వేరు. నిట్టూర్పుకి జవాబు చెప్పడం సులువు. లెక్కకి కష్టం.

రాత్రిపక్షి
లెక్క ఎవరికి కావాలి మేడం. నైట్ చేసి దిగేటప్పుడు "ఇవాళ ఒకరు రాలేదు, మధ్యాహ్నం దాకా ఉండు" అంటారు. లేదంటే మనకి టీమ్ స్పిరిట్ లేదు.

లెక్కలమనిషి
నేను క్వాలిటీ విభాగంలో చేస్తాను, తిట్టకండి. రాత్రిపక్షి గారు చెప్పిందానికి కూడా లెక్క ఉంది. అమెరికాలో నర్సుల పనిగంటల మీద 2004లో వచ్చిన అధ్యయనంలో, 12.5 గంటలు దాటిన షిఫ్టుల్లో పొరపాటు జరిగే అవకాశం మూడింతలు ఉందని తేలింది. డబుల్ డ్యూటీ అడిగే ఇన్‌చార్జి చెడ్డదని నేననను, ఆవిడకీ దారి ఉండదు. కానీ అడిగిన ప్రతిసారీ దాన్ని రిజిస్టర్‌లో రాసి పైకి పంపుతుందా లేదా అన్నదే తేడా.

రాత్రిపక్షి
క్వాలిటీ వాళ్లు మా పక్షాన మాట్లాడటం ఇదే మొదటిసారి చూడటం. స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటున్నా.

కొత్తస్టాఫ్
మీరంతా స్టాఫ్, లెక్కలు అంటున్నారు. నాకు మాత్రం పొరపాటు జరిగినప్పుడు ఎలా ఉంటారన్నదే ముఖ్యం. మా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయి ఇన్ఫ్యూజన్ పంపులో (మందుని కొలిచి ఎక్కించే మెషీన్) రేటు తప్పు పెట్టింది. దశాంశ బిందువు దగ్గర తేడా. పక్క బెడ్ సిస్టర్ చూసి ఆపింది కాబట్టి పేషెంటుకి ఏమీ కాలేదు. ఇన్‌చార్జి వచ్చి ముందు పేషెంటుని చూసింది, డాక్టర్‌కి చెప్పింది, పేషెంటు వాళ్లకీ చెప్పించింది. తర్వాత మా ఫ్రెండ్‌ని గదిలోకి తీసుకెళ్లి తిట్టకుండా అడిగిన ప్రశ్నలు ఇవి: అప్పుడు నీ దగ్గర ఎంతమంది ఉన్నారు, ఎవరైనా మధ్యలో పిలిచారా, ఆ పంపు నువ్వు వాడే మామూలు పంపేనా. అది వేరే కంపెనీ పంపు, బటన్లు తేడాగా ఉన్నాయి. తర్వాతి వారం నుంచి మా వార్డులో ఒకే రకం పంపులు ఉంచారు, అలాంటి మందులకి రెండో నర్సు చూసి సంతకం పెట్టాలన్నారు.

మా ఫ్రెండ్ ఉద్యోగం మానేద్దామనుకుంది. మానలేదు.

రాత్రిపక్షి
మా దగ్గరైతే ముందు మెమో టైపవుతుంది, తర్వాత పేషెంటు ఎలా ఉన్నాడని అడుగుతారు.

ఓటీ_సిస్టర్
కొత్తస్టాఫ్ చెప్పిన ఇన్‌చార్జికి నా ఓటు. అయితే ఒక అనుమానం. తిట్టకపోవడం మంచిదే, మరి అదే తప్పు మళ్లీ మళ్లీ చేసేవాళ్లని, కావాలని అడ్డదారి తొక్కేవాళ్లని కూడా "వ్యవస్థ లోపం" అని వదిలేయాలా? మా ఓటీలో ఒకరు ఆపరేషన్‌లో రక్తం తుడిచే స్వాబ్‌లు లెక్కపెట్టకుండానే లెక్క సరిపోయిందని చెప్పేవారు. మంచి ఇన్‌చార్జి చూసీ చూడనట్టు ఉండిపోయింది, మంచిది కాబట్టి. మిగతా అందరికీ ఒళ్లు మండిపోయింది.

ట్యూటర్_మేడం
అదే అసలు కష్టం. చెయ్యి జారడం ఒకటి, రూలు తెలిసి పక్కన పెట్టడం ఇంకొకటి. మొదటిదానికి పంపు మార్చాలి, పద్ధతి మార్చాలి. రెండోదానికి మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి, వినకపోతే చర్య తీసుకోవాలి. లెక్కపెట్టని స్వాబ్ పేషెంటు కడుపులో మిగిలిపోతే "ఆవిడ చాలా మంచిది" అన్న మాట ఎవరికి పనికొస్తుంది? అందరితో మంచి అనిపించుకోవాలనుకునే మనిషి ఇన్‌చార్జి కుర్చీలో ఇబ్బంది పడుతుంది, వార్డునీ పెడుతుంది.

లెక్కలమనిషి
కొత్తస్టాఫ్ గారి కథకి ఒక తోక. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి టీముల మీద పనిచేస్తూ, మంచి టీముల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెట్టింది. తీరా చూస్తే మంచి నాయకత్వం ఉన్న యూనిట్లలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, భయం లేదు కాబట్టి చెప్పుకుంటున్నారు. నా ఉద్యోగంలో ఇన్సిడెంట్ రిజిస్టర్ (పొరపాట్లు రాసే పుస్తకం) నున్నగా ఖాళీగా ఉన్న వార్డుని చూస్తే ముందు అక్కడికే వెళ్తాను.

బెడ్_పదమూడు
నేను నర్సుని కాదు, మీ చేతుల్లో చాలా రోజులు పడుకున్న పేషెంటుని. ఇన్‌చార్జి మంచిదా కాదా అన్నది మాకూ తెలుస్తుంది. నేనున్న మొదటి వార్డులో ఉదయం సిస్టర్ "నీళ్లు తాగొచ్చు" అంటే సాయంత్రం సిస్టర్ "ఎవరు తాగమన్నారు" అని గదమాయించేది. రెండో వార్డులో ఏ షిఫ్టువాళ్లని అడిగినా ఒకటే జవాబు. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు సిస్టర్లూ నా మంచం దగ్గరే నిలబడి, నా ఎదురుగానే అప్పగించుకునేవారు. మందు తేడాగా చెబితే "లేదమ్మా, అది నిన్న మార్చారు" అని నేనే అందించేవాణ్ని.

ఐసీయూ_బ్రదర్
పదమూడు గారూ, రెండో వార్డులో మీరు అనధికార స్టాఫ్ అన్నమాట.

బెడ్_పదమూడు
జీతం మాత్రం ఇవ్వలేదు, పైగా బిల్లు కట్టించుకున్నారు.

తెల్లకోటు
డాక్టర్‌ని, ఇక్కడ తక్కువ మాట్లాడటం మంచిదని తెలుసు. కానీ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది: డాక్టర్లకి ఎదురు నిలబడటం.

2001 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ఐసీయూలో డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) వేయడానికి ఐదు అంశాల చెక్‌లిస్టు పెట్టాడు. చేతులు కడుక్కోవడం, చర్మం శుభ్రం చేయడం, పేషెంటుని పూర్తిగా డ్రేప్ చేయడం (స్టెరైల్ గుడ్డతో కప్పడం) లాంటివే, కొత్తవేమీ కావు. అసలు మార్పు ఎక్కడంటే, డాక్టర్ ఒక్కటి దాటేసినా ఆపమని నర్సులకి అధికారం ఇచ్చారు, ఆపినవాళ్ల వెనక యాజమాన్యం నిలబడింది. ఇన్ఫెక్షన్లు బాగా తగ్గిపోయాయి.

మా ఆసుపత్రి గోడ మీద కూడా ఆ చెక్‌లిస్టు ఉంది. పని చేసేది ఒక్క యూనిట్‌లోనే. అక్కడ ఒక జూనియర్ సిస్టర్ మా సీనియర్‌ని "సార్, గౌను వేసుకోలేదు" అంది. ఆయన గట్టిగా అరిచారు. ఇన్‌చార్జి పరుగెత్తుకొచ్చి క్షమాపణ చెబుతుందనుకున్నాం. నింపాదిగా వచ్చి, "సిస్టర్ చెప్పింది నేను చెప్పమన్నదే సార్, గౌను ఇక్కడుంది" అని చేతికిచ్చింది. అంతే. ఆ సిస్టర్ ఇప్పుడు ఎవరినైనా ఆపుతుంది. నన్ను కూడా.

ఓటీ_సిస్టర్
డాక్టర్ గారు రాసిందాన్ని ప్రింట్ తీసి సర్జన్ల గదిలో అంటిస్తే ఎంతసేపు ఉంటుందంటారు?

తెల్లకోటు
లంచ్ దాకా ఉంటే గొప్ప.

రాత్రిపక్షి
డాక్టర్లే కాదు, పేషెంటు బంధువులు మీద పడ్డప్పుడు కూడా ఇదే పరీక్ష. స్కాన్ ఆలస్యమైందని ఒకాయన మా సిస్టర్ మీదకి చెయ్యెత్తినంత పని చేశాడు. ఇన్‌చార్జి వచ్చి అందరి ముందు సిస్టర్‌తోనే సారీ చెప్పించింది, గొడవ ఆగాలని. గొడవ ఆగింది. ఆ సిస్టర్ ఆ రోజు నుంచి ఎవరి బంధువులతోనూ అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడదు. అదే ఇంకో ఇన్‌చార్జి అయితే బంధువుల్ని పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఆలస్యం ఎందుకైందో తనే చెప్పి, సెక్యూరిటీని దగ్గరుంచి, ఆ తర్వాత సిస్టర్‌తో విడిగా మాట్లాడేది. రెండూ కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నా.

వార్డు_నాలుగు
అందరివీ చదివాను. మాజీ సూపరింటెండెంట్ మేడం అడిగిన ప్రశ్నలు మనసులో పెట్టుకుని రెండో ఆవిడ వార్డులో ఏం జరుగుతుందో ఈ వారం గమనించాను. నెల రోస్టరు పది రోజుల ముందే గోడ మీద ఉంటుంది. ఎవరికి ఎన్ని నైట్లు పడ్డాయో పక్కనే మొత్తం వేసి ఉంటుంది, ఆవిడ మనుషులు, కానివాళ్లు అని లేదు. నైట్‌లో ఎప్పుడూ ఒక అనుభవమున్న సిస్టర్ తప్పనిసరి. మందులు అయిపోకముందే వస్తాయి. గాఢ పొటాషియం క్లోరైడ్ (కలపకుండా ఎక్కిస్తే గుండె ఆగిపోయే మందు) ఆంప్యూళ్లు ఆ వార్డు కప్‌బోర్డులో లేవు, ఫార్మసీ నుంచే కలిపి వస్తుంది. అది కూడా ఆవిడ చేయించిందేనట. నాకు టెన్షన్ లేకపోవడానికి కారణం ఇదన్నమాట.

కానీ ఆవిడ ఎవరితోనూ "ఎలా ఉన్నావు" అనదు. ఒక సిస్టర్‌కి ఇంట్లో పెద్ద కష్టమొచ్చినప్పుడు సెలవు వెంటనే ఇచ్చింది, ఒక్క మాట మాత్రం అడగలేదు. అది కూడా లోటే కదా?

మాజీ_సూపరింటెండెంట్
లోటే. దాన్ని చిన్నది చేసి చెప్పను. అయితే అడగకుండా ఇచ్చిన సెలవుని తక్కువ చేయకు తల్లీ. బోలెడు మంది "అయ్యో పాపం" అని సెలవు మాత్రం ఆపేస్తారు.

ఐసీయూ_బ్రదర్
గోడ మీద నైట్ల మొత్తం వేస్తుందా? అయితే నా ఓటు మారింది. మా దగ్గర రోస్టరు రాజభవన రహస్యం.

కొత్తస్టాఫ్
నేను మారను. పద్ధతులు ఎవరైనా పెట్టగలరు. మనిషి భయపడుతున్నప్పుడు పక్కన నిలబడటం అందరికీ రాదు.

ట్యూటర్_మేడం
పద్ధతులు ఎవరైనా పెట్టగలిగితే అన్ని వార్డులూ అలాగే ఉండేవి కదమ్మా. పైగా ఇవి ఎవరికీ ఎవరూ నేర్పరు. బాగా పనిచేసే స్టాఫ్ నర్సుని చూసి, సీనియారిటీ వచ్చిందని, సోమవారం నుంచి నువ్వే ఇన్‌చార్జి అంటారు. బడ్జెట్ చూడటం, తగాదా తీర్చడం, మీటింగులో "వీలు కాదు" అనడం, ఇవన్నీ ఆవిడ సొంతంగా దెబ్బలు తిని నేర్చుకోవాలి.

సోమవారం_నుంచి
ట్యూటర్ మేడం, మీరు రాసింది నా గురించే. ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను. వచ్చే నెల నుంచి ముప్పై బెడ్ల మెడికల్ వార్డుకి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. ట్రైనింగ్ ఏమీ లేదు, తాళాల గుత్తి ఇచ్చారు. నిన్నటిదాకా నాతో కలిసి పనిచేసినవాళ్లకే నేను డ్యూటీలు వేయాలి. మొదటి వారంలో ఏం చేయమంటారు?

రాత్రిపక్షి
మొదటి పని: మీ ఫ్రెండ్స్‌కి మంచి డ్యూటీలు వేయకండి. రెండో పని: ఆ ఫ్రెండ్స్‌ని పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉండండి.

మాజీ_సూపరింటెండెంట్
మొదటి వారంలో ఏదీ మార్చకు. పాత ఇన్‌చార్జి పెట్టిన పిచ్చి రూలుకి కూడా ఏదో కారణం ఉండి ఉంటుంది, అది తెలిశాక తీసెయ్. ప్రతి షిఫ్టు హ్యాండోవర్‌కీ (డ్యూటీ అప్పగింతకి) ఒక్కసారైనా నిలబడు. ఒక రాత్రి మొత్తం ఉండు, తనిఖీకి వచ్చినట్టు కాదు, ముందే చెప్పి ఉండు. ఆ రాత్రి ఏ వస్తువు కోసం ఎవరు ఎటు పరుగెత్తుతున్నారో చూడు. నీ మొదటి ఇండెంట్ అక్కడే దొరుకుతుంది.

లెక్కలమనిషి
ఆరు నెలల ఇన్సిడెంట్ రిజిస్టర్ చదవండి.

సోమవారం_నుంచి
చూశాను సార్. ఖాళీగా ఉంది.

లెక్కలమనిషి
అయితే దాని గురించి ఎవరినీ నిలదీయకండి. ఈ వారం హ్యాండోవర్‌లో "నిన్న త్రుటిలో తప్పిపోయింది ఏదైనా ఉందా" అని అడగండి, పేర్లు వద్దని ముందే చెప్పండి. మొదట ఎవరూ మాట్లాడరు. ఎవరో ఒకరు చిన్నది చెబుతారు, వీల్‌చైర్ బ్రేక్ పట్టట్లేదనో, రెండు మందుల డబ్బాలు ఒకేలా ఉన్నాయనో. అది రెండు రోజుల్లో బాగుచేయించి, ఎవరు చెబితే బాగైందో అందరికీ తెలిసేలా చూడండి, చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే.

ఐసీయూ_బ్రదర్
క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాలు ఉంచే బండి) మీరే స్వయంగా విప్పి చూడండి సిస్టర్. సంతకాలు రోజూ ఉంటాయి, గొంతులోకి చూసే ల్యారింజోస్కోప్ లైటు వెలగదు. బ్యాటరీలు అదనంగా పెట్టించండి. మందుల గడువు తేదీలు, సక్షన్, ఆక్సిజన్ సిలిండర్‌లో ఎంతుందో కూడా. చూశాక కొత్త సీల్ వేసి నంబరు రాసుకోండి.

సోమవారం_నుంచి
రాసుకున్నాను బ్రదర్. గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ టెస్ట్ మా దగ్గర ఎవరు చేస్తారో కూడా రేపు కనుక్కుంటాను, ఇప్పటిదాకా ఎవరిని అడిగినా "బయోమెడికల్ వాళ్లు" (పరికరాలు చూసే విభాగం) అంటున్నారు.

ఐసీయూ_బ్రదర్
బయోమెడికల్ వాళ్లని అడిగితే "వార్డు వాళ్లు" అంటారు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడగండి.